“టీచర్, కోడ్ పని చేయట్లేదు”: కుండీకి నీళ్లు పోసే యంత్రం మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఒక టర్మ్ పాటు నడిచిన మేకర్ క్లాసులో, అంటే పిల్లలు తమ చేతులతో వస్తువులు తయారుచేస్తూ నేర్చుకునే క్లాసులో, ఒక గ్రూపు గురించి ఇది. పిల్లలకు 11, 12 ఏళ్లు ఉంటాయి. వారానికి ఒకసారి, రెండు పీరియడ్లు కలిపి క్లాసు. ముగ్గురికి కలిపి ఒక కంప్యూటరు, ఒక మైక్రోబిట్ బోర్డు. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, పేర్లు అసలే వాడటం లేదు. మొదటి వారంలోనే ఈ ముగ్గురూ పనులు పంచేసుకున్నారు, చాలాకాలం వాటిని వదల్లేదు కూడా. అందుకే మౌస్ బాబు, వైర్ల పాప, నోట్సు పాప అంటాను. మిగతా గ్రూపుల్లోనూ దాదాపు ఇలాంటివే జరిగాయి. ఈ గ్రూపునే ఎంచుకోవడానికి కారణం, నోట్సు పాప ఒక్క కాగితం కూడా పారేయకపోవడం.

మైక్రోబిట్ చూడనివారికి కొంచెం వివరం. 2016లో బ్రిటన్‌లో ఇదే వయసు పిల్లలకు బీబీసీ చొరవతో లక్షల సంఖ్యలో ఉచితంగా పంచిన చిన్న బోర్డు ఇది. ముందువైపు 25 చిన్న ఎల్‌ఈడీలు, రెండు బటన్లు, అంచున వైర్లు తగిలించే పిన్నులు ఉంటాయి. మేక్‌కోడ్ అనే ఎడిటర్‌లో బ్లాకులు జత చేస్తూ ప్రోగ్రామ్ రాస్తారు. పిన్ మీద ఉన్న వోల్టేజీని బోర్డు 0 నుంచి 1023 మధ్య ఒక సంఖ్యగా చదువుతుంది. ఈ సంఖ్య సంగతి గుర్తుంచుకోండి, కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ప్రాజెక్టు ఏమిటంటే, కుండీలో మట్టి ఎండితే తనంతట తానే నీళ్లు పోసే యంత్రం. మట్టిలో రెండు మేకులు గుచ్చి ఒకదాన్ని 3 వోల్టుల పిన్‌కు, రెండోదాన్ని పిన్ 0కు కలుపుతారు. తడి మట్టిలో కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి సంఖ్య పెరుగుతుంది, ఎండితే తగ్గుతుంది. ఒక హద్దు కన్నా తగ్గగానే చిన్న నీటి పంపు తిరగాలి.

ఆటలు తయారుచేసే ప్రాజెక్టులు పిల్లలకు ఇంకా ఇష్టం. అయినా దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. మట్టి తడిగా ఉందో లేదో వేలు పెట్టి చూస్తే పిల్లలకే తెలుస్తుంది. సెన్సార్ చెప్పింది నిజమో కాదో తేల్చడానికి టీచర్ అక్కర్లేదు. 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించిన వారిలో ఒకరైన సీమోర్ పేపర్ట్, ఆ తర్వాత లోగోకు తోడైన, ఆజ్ఞ ఇచ్చినట్టు కదిలే ‘తాబేలు’ గురించి చెప్పిన విషయం కూడా ఇలాంటిదే. తాబేలు ఎటు తిరుగుతుందో తెలియకపోతే పిల్లవాడు లేచి తానే తాబేలులా నడిచి చూడొచ్చు. యంత్రం చేసేదాన్ని ఒంటితో సరిచూసుకునే దారి ఉన్న ప్రాజెక్టుకు ఈ వయసులో చాలా విలువ ఉంటుంది.

పైకి కనిపించిన సమస్య

కొన్ని వారాలకు గ్రూపులన్నీ స్టెప్ షీట్ (ఏ అడుగు తర్వాత ఏది చేయాలో రాసిన కాగితం) ప్రకారం యంత్రం కట్టేశాయి. బయటివాళ్లు వచ్చి చూస్తే క్లాసు భలే నడుస్తోందనే అనుకుంటారు. లోపల జరుగుతున్నది వేరు.

ఒకరోజు చిన్న మార్పు అడిగాను: “మట్టి ఎండినప్పుడు కాదు, నీళ్లు మరీ ఎక్కువైనప్పుడు బోర్డు మీద ఎక్స్ గుర్తు చూపించండి.” బ్లాకుల్లో ఒక గుర్తు, ఒక సంఖ్య మారిస్తే అయిపోయే పని. ఈ గ్రూపు ఆ పీరియడంతా కూర్చుని కూడా చేయలేకపోయింది.

దానికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఏదైనా ఆగిపోయినప్పుడు వాళ్లు చేసే పని. మౌస్ బాబు బ్లాకులన్నీ డిలీట్ చేసి మొదటినుంచి కట్టేవాడు, ఒక లెక్క తప్పిందని పలకంతా తుడిచేసినట్టు. వైర్ల పాప అన్ని వైర్లూ పీకి మళ్లీ పెట్టేది. ఆ రెండూ ఒకేసారి జరిగేవి. పని చేస్తే ఎందుకు చేసిందో తెలిసేది కాదు, చేయకపోతే పక్క గ్రూపు బోర్డు అడిగి తెచ్చుకునేవారు. అదీ కుదరకపోతే “టీచర్, కోడ్ పని చేయట్లేదు” అని కేక. లోపం వైరులో ఉన్నా, బ్యాటరీలో ఉన్నా, చివరికి పంపు గొట్టం మడతపడినా తప్పు కోడ్‌దే!

ఆ సమయమంతటిలో సెన్సార్ ఎంత చదువుతోందని ఒక్కరూ చూడలేదు.

కారణం వెతకడం

వెంటనే పరిష్కారంలోకి దూకకుండా మూడు అనుమానాలు రాసుకున్నాను. ఒకటి, వీళ్లకు ‘ఇఫ్’ బ్లాకు (షరతు నిజమైతేనే పని చేసేది), వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) అర్థం కాలేదు. రెండు, గ్రూపులో ఒక్కడే పని చేస్తున్నాడు, మిగతా ఇద్దరూ చూస్తున్నారు. మూడు, కోడ్‌కూ ఫలితానికీ మధ్య ఏం జరుగుతోందో చూసే చోటు వాళ్లకు లేదు.

మొదటిదాన్ని తేల్చడం సులువు. కంప్యూటర్లు మూయించి కాగితం మీద అడిగాను: “హద్దు 500. సెన్సార్ 420 చదివింది. పంపు తిరుగుతుందా? 730 చదివితే?” ముగ్గురూ తప్పు లేకుండా రాశారు. హద్దును 400 చేస్తే ఏమవుతుందన్నా సరిగ్గానే చెప్పారు. అంటే కాన్సెప్టులు వచ్చు. ఈ చిన్న పరీక్ష పెట్టకపోతే ‘ఇఫ్’ బ్లాకునే మళ్లీ మళ్లీ చెబుతూ కొన్ని వారాలు గడిచిపోయేవి. పిల్లలు ప్రాజెక్టులో తడబడితే కాన్సెప్టు రాలేదనుకోవడం మన టీచర్లకు అలవాటు.

రెండో అనుమానం కొంత నిజమేనని ఎవరు చూసినా చెప్పగలరు. మూడోది అప్పటికి ఊహ మాత్రమే.

పని చేయని ప్రయత్నాలు

ముందు స్టెప్ షీట్‌నే మెరుగుపరిచాం. ప్రతి అడుగుకూ బొమ్మ, ప్రతి వైరుకూ రంగు. కొత్తగా నేర్చుకునేవారికి మార్గదర్శనం ఎంత స్పష్టంగా ఉంటే అంత మంచిదని కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే విద్యా పరిశోధకులు 2006లో రాసిన పత్రం గట్టిగా వాదించింది. అందులో బలముంది. బొమ్మల షీట్‌తో యంత్రం కట్టే సమయం బాగా తగ్గింది, వైరింగ్ తప్పులూ తగ్గాయి. కానీ షీట్‌లో హద్దు 500 అని ఉంది. ఈ గ్రూపు కుండీలోని మట్టి బాగా తడిసినా అంత సంఖ్య రాదు. కుండీ నీళ్లతో నిండి బల్ల మీదికి కారుతున్నా పంపు ఆగలేదు. “షీట్‌లో 500 అనే ఉంది కదా టీచర్” అన్నాడు మౌస్ బాబు. కట్టడానికి షీట్ పనికొచ్చింది, అడ్డం తిరిగినప్పుడు ఏం చేయాలో అది చెప్పలేదు.

తర్వాత దీనికి పూర్తిగా ఎదురు దిశలో వెళ్లాం. షీట్ తీసేసి, “మొక్క ఎండకూడదు, మునగకూడదు, మీరే దారి వెతకండి” అన్నాను. ముందు పిల్లల్ని తంటాలు పడనిచ్చి తర్వాత పాఠం చెబితే నేర్చుకున్నది గట్టిగా నిలుస్తుందని మను కపూర్ ‘ప్రొడక్టివ్ ఫెయిల్యూర్’ పేరుతో 2008 నుంచి చేస్తున్న పరిశోధనలు నన్ను ఇటు నడిపించాయి. క్లాసులో హుషారు వచ్చింది. ఫలితం మాత్రం రాలేదు. కపూర్ పద్ధతిలో పిల్లలు ఒకే సమస్యకు రకరకాల పరిష్కారాలు పుట్టించాలి, ఆ తర్వాత టీచర్ వాటిని పక్కపక్కన పెట్టి అసలు సూత్రం దగ్గరికి తీసుకెళ్లాలి. మా గ్రూపు పుట్టించింది ఒకే ఒక్క పరిష్కారం, దాన్నే మళ్లీ మళ్లీ డిలీట్ చేసి కట్టింది. ఏది ఎందుకు విఫలమైందో కనిపించకపోతే ఎన్నిసార్లు విఫలమైనా పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. పైగా ఈ వారాల్లోనే మిగతా ఇద్దరూ పూర్తిగా పక్కకు తప్పుకున్నారు.

అందుకని మూడోసారి పాత్రలు మార్చే పద్ధతి పెట్టాం. ఒకరు మౌస్ పడతారు, ఒకరు ఏం చేయాలో చెబుతారు, ఒకరు హార్డ్‌వేర్ చూస్తారు. టైమర్ మోగగానే పాత్రలు మారాలి. దీనివల్ల మౌస్ అందరి చేతికీ వచ్చింది. అయితే రెండు చిక్కులు కనిపించాయి. టైమర్ సరిగ్గా ఆలోచన మధ్యలో మోగేది, పాపం మౌస్ బాబు ఆ టైమర్ మీద పెంచుకున్న కోపం అంతా ఇంతా కాదు. ఇక “చెప్పే” పాత్రలో కూర్చున్న పిల్లకు చెప్పడానికి సరుకే లేదు. తెర మీద బ్లాకులున్నాయి, బల్ల మీద తిరగని పంపు ఉంది, మధ్యలో ఏమీ కనిపించదు. దాంతో మూడో అనుమానం బలపడింది.

పాత్రల మార్పును వదిలేయలేదు. టైమర్ తీసేసి, ప్రోగ్రామ్‌ను బోర్డులోకి డౌన్‌లోడ్ చేసిన ప్రతిసారీ మారాలన్నాం. ఒక ప్రయత్నం పూర్తయ్యాకే చేయి మారుతుంది కాబట్టి గొడవ తగ్గింది. ఇంకో లాభం నేను ఊహించనిది: డౌన్‌లోడ్ చేస్తే మౌస్ పోతుంది కాబట్టి మౌస్ బాబు డౌన్‌లోడ్ నొక్కే ముందు ఆలోచించడం మొదలుపెట్టాడు.

సంఖ్యను ముందు చూపించడం

అసలు మార్పు ఇక్కడ మొదలైంది. పంపు తీసి పక్కన పెట్టించాను. ‘ఇఫ్’ బ్లాకు కూడా వద్దన్నాను. ప్రోగ్రామ్ చేయాల్సిందల్లా సెన్సార్ చదివిన సంఖ్యను చూపించడమే. ఎల్‌ఈడీల మీద మూడంకెల సంఖ్య ఒక్కో అంకెగా జరుగుతూ వెళ్లేసరికి పిల్లలకు విసుగొస్తుంది. అందుకే కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు పంపి, మేక్‌కోడ్‌లోనే గ్రాఫ్‌గా చూశాం.

మేకులు ఎక్కడెక్కడ పెట్టాలో ఒక జాబితా ఇచ్చాను: గాలిలో, ఎండు మట్టిలో, తడి మట్టిలో, గ్లాసు నీళ్లలో, చేతి వేళ్ల మధ్య. పెట్టే ముందు ప్రతిదానికీ అంచనా రాయాలి. స్యూ సెంటెన్స్, ఆమె సహచరులు ప్రోగ్రామింగ్ బోధనకు రూపొందించిన ‘ప్రిమ్’ పద్ధతిలో మొదటి మెట్టు ఇదే: రన్ చేసే ముందు ఏమవుతుందో చెప్పడం. వాళ్లది కోడ్ చదివి వేసే అంచనా, నేను దాన్ని సెన్సార్‌కూ వాడాను.

గాలిలో సున్నా వస్తుందని ముగ్గురూ రాశారు. వచ్చింది రెండు వందల పైన, కుదురు లేని ఒక సంఖ్య. “దేనికీ తగలకపోతే సున్నా రావాలి కదా?” అని వైర్ల పాప పట్టుబట్టింది. దేనికీ కలపని పిన్ సున్నా దగ్గరే ఉండాలని లేదు, సున్నా రావాలంటే దాన్ని గ్రౌండ్‌కు, అంటే బోర్డులో సున్నా వోల్టులు ఉండే పిన్‌కు, కలపాలి. అలా చెప్పే బదులు ఒక వైరు ఇచ్చి గ్రౌండ్ పిన్‌కు తాకించి చూడమన్నాను. సంఖ్య ఢమాల్న పడిపోయింది. వేళ్లతో రెండు మేకులూ పట్టుకుంటే పెరిగింది, వేళ్లు తడిపి పట్టుకుంటే ఇంకా పెరిగింది. ఇన్ని వారాల్లో మౌస్ బాబు తెర వదిలి బల్ల దగ్గరికి వచ్చింది అప్పుడే.

వాళ్ల కుండీలో ఎండు మట్టికి మూడు వందల చిల్లర, తడి మట్టికి నాలుగు వందల ఎనభై దాకా వచ్చింది. హద్దు ఎంత పెట్టాలని నన్నెవరూ అడగలేదు. పక్క గ్రూపు హద్దు వేరే ఉంటే ఇంతకుముందైతే “మాది తప్పా?” అనేవారు. ఇప్పుడు “వాళ్ల మట్టి వేరు” అన్నారు.

దీని తర్వాతే కాగితం చీటీ తెచ్చాను. మూడు గళ్లు: అనుకున్నది, కనిపించినది, ఇప్పుడు మార్చే ఒక్క విషయం. ‘ఒక్క’ కింద గీత గీశాను. రన్ చేసే ప్రతిసారీ ఒక వరుస నింపాలి, నన్ను పిలవాలంటే చీటీ చూపించాలి. పిల్లలు ముందు రన్ చేసి, ఫలితం చూశాక అనుకున్నది రాసేసేవారు. అలా రాస్తే అంచనాలన్నీ ఒప్పే కదా! దానికి తిట్లతో పని లేదు. పెన్ను పట్టినవారు పెన్ను బల్ల మీద పెట్టాకే బోర్డు వెనకున్న రీసెట్ బటన్ నొక్కాలని నియమం పెట్టాం. నొక్కేది వేరొకరు. నోట్సు పాపకు దీంతో గ్రూపులో మొదటిసారి కొంత అధికారం వచ్చింది, దాన్ని ఆమె బాగానే వాడుకుంది.

చీటీతో పాటు గోడ మీద మూడు ప్రశ్నలు రాశాం. బోర్డు ఏం చూసింది? ఏం నిర్ణయించింది? ఏం చేసింది? ప్రతి ప్రశ్నకూ కంటికో చెవికో అందే రుజువు ఉండాలి. చూసినదానికి గ్రాఫ్‌లో సంఖ్య. చేసినదానికి పంపు చప్పుడు. నిర్ణయానికి రుజువు లేదు కాబట్టి దాన్ని పిల్లలే కల్పించాలి. ‘ఇఫ్’ లోపల ఒక టిక్కు గుర్తు, ‘ఎల్స్’ (షరతు నిజం కాకపోతే) లోపల ఒక చుక్క పెట్టుకున్నారు. ఇక పంపు తిరగకపోయినా టిక్కు వస్తోందంటే గొడవ కోడ్‌లో లేదు, దాని తర్వాతే ఉంది.

స్మైలీ మళ్లీ ఎందుకు వస్తోంది?

పంపు మళ్లీ తగిలించిన రోజు ఈ కేసులో అన్నిటికన్నా విలువైన లోపం బయటపడింది. దాన్ని నేను ఏర్పాటు చేయలేదు, అదే వచ్చింది.

మైక్రోబిట్ పిన్ను ఇవ్వగలిగే కరెంటు కొద్ది మిల్లీఆంపియర్లే. అది పంపును తిప్పలేదు. అందుకని స్విచ్‌లా పని చేసే ట్రాన్సిస్టర్ ఉన్న చిన్న డ్రైవర్ బోర్డు వాడతాం: పిన్ను ఆజ్ఞ ఇస్తుంది, పంపుకు కరెంటు బ్యాటరీ నుంచి వెళ్తుంది. ఈ గ్రూపు మైక్రోబిట్‌కూ పంపుకూ ఒకే బ్యాటరీ పెట్టె వాడింది. కంప్యూటర్ కేబుల్ ఉన్నంతసేపూ అంతా బాగుంది. కేబుల్ తీయగానే పంపు గుర్రుమని ఒక్క క్షణం తిరిగి ఆగింది. మళ్లీ గుర్రుమంది, ఆగింది. మౌస్ బాబు చేయి అలవాటు ప్రకారం డిలీట్ వైపు వెళ్లింది, అయితే అప్పుడు మౌస్ వైర్ల పాప చేతిలో ఉంది.

నోట్సు పాప ‘కనిపించినది’ గడిలో ఇలా రాసింది: “పంపు ఆగినప్పుడల్లా స్మైలీ వస్తోంది.”

ప్రోగ్రామ్ మొదలవగానే ముచ్చటకి ఒక స్మైలీ చూపించేలా ‘ఆన్ స్టార్ట్’ బ్లాకులో వాళ్లే పెట్టుకున్నారు. చీటీ చూశాక నేను అడిగింది ఒక్కటే: “ఆ స్మైలీ ఏ బ్లాకులో ఉంది?” ఇంకేమీ చెప్పకుండా పక్క బల్లకు వెళ్లాను. అక్కడే ఆగిపోవడానికి కారణం ఉంది. కావలసిన ఆధారాలన్నీ వాళ్ల ముందే ఉన్నాయి: స్మైలీ ఒక్కచోటే ఉంది, ఆ చోటికి ప్రోగ్రామ్ తనంతట తాను వెనక్కి రాదు, కేబుల్ ఉంటే ఈ గొడవ లేదు. ఇన్ని ఆధారాలు ఉన్నప్పుడు జవాబు చెప్పేస్తే వాళ్ల చేతిలోని పనిని లాక్కున్నట్టే అవుతుంది.

తర్వాతి వరుసలు ఆ చీటీ మీద ఉన్నవి ఉన్నట్టు చెబుతాను. పంపు పీకేసి రన్ చేశారు, స్మైలీ ఒక్కసారే వచ్చింది. పంపు పెట్టి కేబుల్ కూడా పెట్టారు, ఒక్కసారే వచ్చింది. కేబుల్ తీశారు, పదే పదే వచ్చింది. “బోర్డు చచ్చి మళ్లీ పుడుతోంది” అని రాశారు. “పంపు కరెంటంతా తాగేస్తోంది” అని దాని కింద మరో చేతిరాత.

అంతే విషయం. మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది, చిన్న బ్యాటరీల వోల్టేజీ పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. మొదలవగానే మట్టి ఎండిందని చూసి మళ్లీ పంపు తిప్పుతుంది, మళ్లీ రీసెట్. వోల్టేజీ పడిపోవడం గురించి అప్పుడే వివరించాను. వాళ్లకు ఆ మాట అవసరమైన క్షణం అది, వారం ముందు చెప్పి ఉంటే ఎవరికీ పట్టేది కాదు.

పంపుకు వేరే బ్యాటరీ పెట్టాలని వాళ్లే తేల్చారు. అక్కడ మాత్రం నేను ముందే కల్పించుకున్నాను. రెండు బ్యాటరీల గ్రౌండ్ వైర్లు కలపకపోతే పిన్ను ఇచ్చే ఆజ్ఞ ట్రాన్సిస్టర్‌కు సరిగ్గా అందదు, పంపు తిరగదు. ఆ లోపం ఏ గుర్తూ వదలదు. గ్రాఫ్ బాగుంటుంది, టిక్కు వస్తుంది, వైర్లన్నీ గట్టిగానే ఉంటాయి. ఉమ్మడి గ్రౌండ్ అనే ఆలోచన తెలియని పిల్లలు దాన్ని తార్కికంగా చేరుకునే దారి లేదు. కాబట్టి “ఈ రెండు నల్ల వైర్లూ కలపండి, ఎందుకో తర్వాత చెబుతాను” అని నేరుగా చెప్పాను. ఏది చెప్పాలి, ఏది వెతకనివ్వాలి అని క్లాసులో ప్రతి పది నిమిషాలకూ ఎదురయ్యే ప్రశ్నకు ఈ రోజు నుంచి నా దగ్గర ఒక కొలత ఉంది. లోపం పిల్లలు చూడగలిగే ఆధారం వదిలితే ఆగుతాను, వదలకపోతే చెప్పేస్తాను. సమస్య కష్టమా సులువా అన్నది అంత ముఖ్యం కాదు.

రెండు గీతలు, ఒక నల్ల మేకు

ఆ తర్వాత వచ్చినవాటిని వాళ్లు నా సాయం పెద్దగా లేకుండానే దాటారు. హద్దు దగ్గర సంఖ్య కొంచెం ఊగినా పంపు టకటకా ఆన్, ఆఫ్ అయ్యేది. గ్రాఫ్ చూసి మౌస్ బాబు “ఒక గీత కాదు, రెండు గీతలు పెడదాం” అన్నాడు: 360 కన్నా తగ్గితే మొదలు, 450 దాటితే ఆపు, మధ్యలో ఉంటే ఉన్నది ఉన్నట్టే. ఇంజనీర్లు దీన్ని హిస్టరిసిస్ అంటారు, ఫ్రిజ్ మోటారు నిమిషానికోసారి ఆగి మొదలవకుండా ఉండేది దీనివల్లే అని ఆ తర్వాత చెప్పాను. తను కనిపెట్టినదానికి ఇంత పెద్ద పేరుందని తెలిసి ఆ వారమంతా దాన్నే పలికాడు. నీళ్లు మేకుల దాకా ఇంకడానికి సమయం పడుతుందని, ఈలోగా పంపు తిరుగుతూ ఉంటే కుండీ మునుగుతుందని కూడా గ్రాఫే చూపించింది. రెండు సెకన్లు పోసి, కాసేపు ఆగి, మళ్లీ చూడటం నేర్చుకున్నారు.

టర్మ్ చివరి వారాల్లో అదే తడికి సంఖ్య మెల్లమెల్లగా తగ్గడం మొదలైంది. ఈసారి “కోడ్ పని చేయట్లేదు” అనే మాట రాలేదు. పాత చీటీలు తీసి సంఖ్యలు పోల్చారు, కోడ్ మారలేదని చూసుకున్నారు, మేకులు బయటికి లాగారు. ఒక మేకు మెరుస్తోంది, రెండోది నల్లబడి గరుకుగా ఉంది. 3 వోల్టులకు కలిపింది నల్లబడినదే. తడి మట్టిలో కరెంటు ఆగకుండా పారితే విద్యుద్విశ్లేషణ జరిగి పాజిటివ్ వైపున్న లోహం కరుగుతూ పోతుంది. సైన్స్ పుస్తకంలో వాళ్లకు అది ఇంకా రాలేదు. రెండు మేకులూ చేతిలో పెట్టుకుని అడిగినప్పుడు ఎంత అవసరమో అంతే చెప్పాను. పరిష్కారం కోడ్‌లో ఉంది: మేకును 3 వోల్టుల పిన్‌కు కాకుండా పిన్ 1కు కలిపి, చదివే క్షణంలోనే ఆ పిన్‌ను ఆన్ చేసి, చదవగానే ఆఫ్ చేయడం.

టర్మ్ ముగింపులో పరీక్ష

యంత్రం పని చేస్తోందా లేదా అన్నదానికి మార్కులు పెట్టలేదు. స్టెప్ షీట్‌తో కూడా అది పని చేస్తుంది కదా. ప్రతి గ్రూపుకూ నేను ఒక లోపం పెట్టిన యంత్రం ఇచ్చాను: ఎక్కడో ఒక వైరు వదులు చేయడం, ‘తక్కువ’ గుర్తును ‘ఎక్కువ’ చేయడం, పిన్ నంబరు మార్చడం లాంటివి. సరిచేయడం తప్పనిసరి కాదు. లోపం చూడటంలో ఉందా, నిర్ణయంలో ఉందా, చేయడంలో ఉందా తేల్చి, రుజువు చూపిస్తే చాలు.

ఈ గ్రూపు ముందు గ్రాఫ్ తెరిచింది. సంఖ్య సరిగ్గా ఉంది, మట్టి ఎండితే చుక్క వస్తోంది, తడిపితే టిక్కు వస్తోంది. “నిర్ణయం తలకిందులైంది” అని వైర్ల పాప చెప్పింది, అప్పటికింకా ఎవరూ బ్లాకులు తెరవలేదు. చాలా గ్రూపులు లోపం ఏ భాగంలో ఉందో సరిగ్గా చెప్పగలిగాయి. రెండు గ్రూపులు చెప్పలేకపోయాయి. వాళ్ల చీటీలు తిరగేస్తే ‘ఇప్పుడు మార్చే ఒక్క విషయం’ గడిలో ఎప్పుడూ మూడు నాలుగు విషయాలు ఉన్నాయి. ఆ గడిని నేను ఇంకా ముందునుంచే కచ్చితంగా చూడాల్సింది అనిపిస్తుంది కానీ, అందరి చీటీలూ ప్రతివారం చదవడం ఒక్క టీచర్‌తో అయ్యే పని కాదు. ఇప్పుడు గ్రూపులే చీటీలు మార్చుకుని ఆ గడిని మాత్రం సరిచూస్తున్నాయి.

ఇదే చేయాలనుకునేవారికి

సమయం చాలా పడుతుంది. షీట్ పద్ధతిలో అయ్యేదానికి ఇంచుమించు రెట్టింపు. దీనికోసం టర్మ్‌లో ఉన్న ఇంకో ప్రాజెక్టును తీసేయాల్సి వచ్చింది. ప్రదర్శన రోజున బల్ల మీద వస్తువులు తక్కువ కనిపిస్తాయి, ఆ సంగతి స్కూలు పెద్దలకూ తల్లిదండ్రులకూ ముందే చెప్పుకోవడం మంచిది. మా దగ్గర చీటీలను కూడా గోడకు అంటించాం. తల్లిదండ్రుల్లో చాలామంది యంత్రం కన్నా వాటి ముందే ఎక్కువసేపు నిలబడ్డారు.

స్టెప్ షీట్లను నేను పారేయలేదు. వైరింగ్‌కు ఇప్పటికీ బొమ్మల షీటే ఇస్తాను, ఎర్ర వైరు ఎక్కడ పెట్టాలో పిల్లలు కనిపెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. అయితే హద్దు ఉండే చోట ఖాళీ గడి వదులుతాను, పిల్లలు కొలిచి నింపాలి.

చీటీలు రాయడం కొందరికి నరకమే. రాయడం కష్టమైన పిల్లలకు మాటలు వద్దు, పైకి బాణం, కిందికి బాణం, సంఖ్య, ఇవి చాలు. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలతో ప్రయత్నించినప్పుడు గోడకు 0 నుంచి 1023 దాకా గీతలున్న పొడవాటి కాగితం పట్టీ అంటించి, అంచనా ఉన్నచోట ఒక్కొక్కరూ ఒక స్టిక్కర్ పెట్టమన్నాను. రాతపని లేకుండానే అంచనా ముందు వస్తుంది, స్టిక్కర్ ఒకసారి అంటిస్తే తర్వాత మార్చడమూ కష్టమే.

సామాను విషయానికి వస్తే పంపులకు మొదటిరోజు నుంచే వేరే బ్యాటరీ ఇస్తే రీసెట్ గొడవ అసలు రాదు. నేను ఇవ్వడం లేదు. ‘ఆన్ స్టార్ట్’లో ఏదో ఒక బొమ్మ తప్పకుండా పెట్టుకోమని మాత్రం ప్రతి గ్రూపుకూ చెబుతున్నాను.